పులికీ ట్యాంకరే!

ఎండలు ముదిరితే నల్లమలలో పులికి ట్యాంకర్‌తో నీళ్ళు వెళతాయి. నమ్మరా? అటవీ శాఖ వాళ్ళనే అడగండి. అడవిలో అక్కడక్కడా సాసర్ పిట్లని తొట్లు కట్టారు. వాగులు ఎండాక ట్యాంకర్ వస్తుంది. తొట్టి నిండుతుంది. పొద్దుగూకాక పెద్దపులి వచ్చి, తాగి, పోతుంది.

కొండ దిగితే యర్రగొండపాలెం, త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు. ఇక్కడ మనిషికీ అదే ట్యాంకర్. తేడా ఏమిటంటారా? పులి బిందెతో వరసలో నిలబడదు. ‘ఇయ్యాల మా వీధి ట్రిప్పు యాడికి పోయింది?’ అని డ్రైవర్ని నిలదీయదు. సర్పంచి ఇంటి ముందు ధర్నా చేయదు. ఆదర్శ పౌరుడంటే పులే. అడగదు, అరవదు, ఓటు వేయదు. ఓటు వేయని దాని గొంతు తడపడానికి ఏడాదికి నాలుగు ట్యాంకర్లు చాలవా ఏంటి?

బోర్లు వేసుకోండంటారు. వేశాం. కొన్ని చోట్ల గాలి వచ్చింది. కొన్ని చోట్ల ఫ్లోరైడ్ వచ్చింది. పాత ప్రకాశం జిల్లా పశ్చిమాన పచ్చబడ్డ పళ్ళు చూసి ఏ ఊరి మనిషో చెప్పొచ్చు. వంగిన కాళ్ళు చూసి ఎన్నేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నాడో చెప్పొచ్చు. ఇదంతా మీకు తెలియందా? తెలుసు. విని విని విసుగొచ్చింది కూడా. అందుకే కొత్త కథ చెబుతాను.

పోలవరం దగ్గర గోదావరి వరద నీటిని మళ్ళించి, కృష్ణ దాటించి, మన పొరుగున పల్నాడులో బొల్లాపల్లి దగ్గర భారీ జలాశయంలో పోసి, అక్కణ్ణుంచి నల్లమల కింద సొరంగం తొలిచి రాయలసీమలోని బనకచర్లకు చేరుద్దామని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. 200 టీఎంసీలు. 80 వేల కోట్ల రూపాయలకు పైమాటే. కాగితం మీద లబ్ధిదారుల వరస చూడండి. 80 లక్షల మందికి తాగునీరు. కొత్తగా లక్షల ఎకరాలకు సాగునీరు. పాత ఆయకట్టు స్థిరీకరణ. చదువుతుంటేనే దాహం తీరుతుంది. ఆ పక్కనే, ఎవరి కంటా పడనంత వినయంగా, ఇంకో మాట ఉంది. పరిశ్రమలకు 20 టీఎంసీలు.

ఏ పరిశ్రమలకయ్యా? ఏ ఊళ్ళో? ఎవరివి? రైతు పంట రుణం అడిగితే పాసుపుస్తకం, ఆధార్, వన్‌బీ, ఆఖరికి చచ్చిపోయిన తాత పేరు కూడా అడుగుతారు కదా! 20 టీఎంసీలు పట్టుకుపోయే పెద్దమనిషిని పేరైనా అడగరా?

లెక్కలు చెబితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడంటారు. ఈ ఒక్క లెక్కకీ ఆగండి. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. వెలిగొండ ప్రాజెక్టు పూర్తయితే తాగునీళ్ళిస్తామని చెప్పింది 15.25 లక్షల మందికి. జలజీవన్ మిషన్ కొలత ప్రకారం తలకు రోజుకు 55 లీటర్లు. గుణించండి. ఏడాదికి ఒక టీఎంసీకి కాస్త పైన తేలుతుంది. అంటే పరిశ్రమలకని ఒక్క ముక్కలో రాసిన ఆ ఒక్క ఏడాది వాటాతో ఇంతమందికీ పద్దెనిమిదేళ్ళు తాగునీళ్ళివ్వొచ్చు. ఇవాళ పుట్టిన పసిబిడ్డ ఓటరు అయ్యేదాకా! ఓటరయ్యాక ఎలాగూ హామీలు తాగి బతుకుతుంది.

వెలిగొండ పేరెత్తాను కాబట్టి దాని జాతకమూ చూద్దాం. కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ప్రాజెక్టు. 1996 మార్చి 5న గొట్టిపడియ దగ్గర చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి వచ్చి జలయజ్ఞంలో మళ్ళీ కొబ్బరికాయ కొట్టారు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు నుంచి నల్లమల కడుపు గుండా రెండు సొరంగాలు, ఒక్కోటీ దాదాపు 19 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులు మూసి నల్లమల సాగర్. 43.5 టీఎంసీల కృష్ణా వరద నీరు, 4.47 లక్షల ఎకరాలు. 2024 మార్చి 6న జగన్‌మోహన్ రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. సరిగ్గా పది రోజులకు ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కాకతాళీయం అనుకోండి. మీ మంచితనం.

సొరంగాలు వచ్చాయి. నీళ్ళు రాలేదు. ఫీడర్ కాలువ పనులు మిగిలాయి. మునిగే 11 ఊళ్ళ జనానికి పరిహారం, పునరావాసం మిగిలాయి. జాతికి మాత్రం అంకితమైపోయింది! జాతి ఆ సొరంగంలో ఏం చేసుకోవాలి? టార్చిలైటు వేసుకుని తిరగాలా? తర్వాత ప్రభుత్వం మారింది. కొత్త గడువు పుట్టింది. మార్కాపురం పలక మీద పిల్లలు కూడా ఇన్నిసార్లు రాసి చెరపలేదు.

నీళ్ళు వద్దని ఎవడన్నాడు? సొరంగాలు పులుల అడవి కింద నుంచే వచ్చాయని మాకు తెలుసు. తెలిసే అడిగాం. గొంతు ఎండిన వాడు అడుగుతాడు. అడవి తన కడుపు కోయించుకుని ఇచ్చింది. ఆ ఇచ్చింది తాగడానికీ, ఓ పంట పండించుకోవడానికీ. ఇప్పుడు అదే దారిలో, అదే అడవి పేరు చెప్పి, అదే కరువు జనాన్ని ముందు నిలబెట్టి ఫొటో తీయించి, వెనకాల ఎవరికో 20 టీఎంసీల పైపు బిగిస్తామంటే? మా ఎండిన నాలుక మీ ప్రాజెక్టుకు పోస్టరా?

బనకచర్ల ప్రతిపాదన ఢిల్లీ వెళ్ళింది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ తిప్పి పంపింది. ఎందుకు? ముఖ్యంగా రాష్ట్రాల మధ్య నీటి తగువు. ముందు కేంద్ర జలసంఘంతో తేల్చుకుని రమ్మన్నారు. తెలంగాణ అభ్యంతరం పెట్టింది, తర్వాత సుప్రీంకోర్టు మెట్లూ ఎక్కింది. బాగుంది. తగువు పడటానికి తెలంగాణకు ముఖ్యమంత్రి ఉన్నాడు, వకీళ్ళున్నారు. పులికెవరున్నారు? పులికి ఓ రాష్ట్రం ఉంటే తెలిసేది.

ఆ ఏడాది చివరికి పథకం గమ్యం మార్చారు. బనకచర్ల కాదు, నల్లమల సాగర్ అన్నారు. అడవిలో చిక్కులు తగ్గుతాయన్నారు. ఓహో! నల్లమల సాగర్ ఎక్కడుంది మరి? కాకినాడ బీచ్‌లోనా? పేరులోనే నల్లమల ఉంది కదా! వెలిగొండ నీళ్ళకే ఇంకా నిండని జలాశయం అది. దాన్ని అప్పుడే ఇంకో ప్రాజెక్టుకు కట్నంగా రాసేశారు.

అసలీ అడవి ఏపాటిదో ఒక్కసారి చెప్పుకుందాం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్‌లో ఉంది. విస్తీర్ణంలో దేశంలో దీన్ని మించింది లేదని పాఠ్యపుస్తకాల్లో రాసుకుని మురిసిపోతాం. దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. అక్కడి కొండల్లోనే గుండ్లకమ్మ పుడుతుంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలకు అమ్మ అదే. అంటే అడవి ఊరికే పులులు తిరిగే పార్కు కాదు. వాన పడితే ఒడిసిపట్టి, ఆకుల కింద దాచి, నెలల తరబడి మెల్లగా వదిలే జలాశయం. టెండర్ లేదు. మొబిలైజేషన్ అడ్వాన్సు లేదు. అంచనాల సవరణ లేదు. అందుకే కాబోలు, ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు.

2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు. 2022 లెక్కల్లో 63. వాటిలో అత్యధికం నల్లమలవే. పెరిగాయని సంబరం చేసుకున్నాం. కేకు కోయలేదంతే. పెరిగిన పులులు ఎక్కడికి పోవాలి? దక్షిణంగా, గిద్దలూరు దాటి లంకమల వైపు, శేషాచలం వైపు నడుస్తాయి. ఆ దారిని కారిడార్ అంటారు. దాన్ని కాపాడతాం, పునరుద్ధరిస్తాం అని అటవీ శాఖ చెబుతుంది. అదే ప్రభుత్వంలో ఇంకో శాఖ అడవి పక్కన కాలువల గీతలు గీస్తుంది. మూడో శాఖ పారిశ్రామిక నోడ్ బొమ్మ గీస్తుంది. ముగ్గురూ ఒకే సచివాలయంలో, ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు. ఒకరి మ్యాప్ ఇంకొకరు చూడరు. చూస్తే టీ చల్లారిపోతుందేమో!

చట్టం లేదా అంటారు. ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులుల అభయారణ్యంలో భూమిని వేరే అవసరానికి మళ్ళించాలంటే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహాతో జాతీయ వన్యప్రాణి బోర్డు ఒప్పుకోవాలి. ఆ బోర్డుకు అధ్యక్షుడు సాక్షాత్తూ ప్రధానమంత్రి. ఎంత గంభీరంగా ఉందో చూడండి. పూర్తి బోర్డు 2012లో కూర్చుంది. తర్వాత మళ్ళీ కూర్చుంది 2025 మార్చి 3న, గుజరాత్‌లోని గిర్‌లో. ఈ రెంటి మధ్య పన్నెండేళ్ళలో పులుల తరం ఒకటి ముగిసిపోయింది. బోర్డు స్థాయీ సంఘం మాత్రం మధ్యలో కూర్చుంటూనే ఉంది, అనుమతులు ఇస్తూనే ఉంది. పెద్దల బోర్డుకు తీరిక లేదు. చిన్నల సంఘానికి తీరికే తీరిక.

అదే చట్టం చెంచుల దగ్గరికి వచ్చేసరికి ఎంత చురుకో! యర్రగొండపాలెం మండలంలో పాలుట్ల చెంచులు రోడ్డు అడిగితే ‘అయ్యయ్యో, పులులు తిరిగే చోటు’ అంటారు. చెంచు తేనె పట్టు కోస్తే అడవి పాడవుతుంది. చెంచు కట్టె తెచ్చుకుంటే కేసవుతుంది. సొరంగం తవ్వే యంత్రం వెళితే? దానికి గేటు ఎత్తుతారు. నమస్కారం పెడతారు. పులికి తేనె పట్టు కోసే చప్పుడు పడదు గానీ, రాతిని పిండి చేసే టీబీఎం సంగీతం వింటే కునుకు పడుతుందని ఏ నివేదికలో ఉందో!

మన నాయకుల నోట అరిగిపోయిన మాట ఒకటుంది: ‘వృథాగా సముద్రం పాలవుతున్న నీరు.’ వినగానే చప్పట్లు పడతాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి మడ అడవి ఉంది. నది తెచ్చే మంచినీరు, ఒండ్రు మట్టే దానికి అన్నం. ఆ అడవే తుపాను గాలికి అడ్డం నిలబడుతుంది. చేప, రొయ్య పిల్లలు పెరిగేది ఆ వేళ్ళ మధ్యే. పులస నదికి ఎదురీదాలంటే నది సముద్రం దాకా పారాలి. ఇదంతా వృథా. సిమెంటు పైపులో పారేదే సద్వినియోగం. కొన్నాళ్ళకు ఊపిరి కూడా వృథాగా గాలిలో కలుస్తోందంటారు, జాగ్రత్త.

పైగా మన దేశానికి కాగితం మీద ఎంత సంస్కారమో! 2002 జాతీయ జల విధానం తీసి చూడండి. నీటి కేటాయింపులో అప్పట్లో రాసుకున్న వరస ఇది: మొదట తాగునీరు. తర్వాత సాగు. తర్వాత జలవిద్యుత్తు. నాలుగోది పర్యావరణం. పరిశ్రమలు ఆ తర్వాత. విన్నారా? పులి ముందు, ఫ్యాక్టరీ వెనక! రాసిన చేతికి దండం పెట్టాలి. మరి అమలు చేసే చేయి ఎక్కడ?

‘అడవి పోతే అడవి పెంచుతాం’ అన్నది ఇంకో మంత్రం. ప్రత్యామ్నాయ అటవీకరణ. దానికోసం కాంపా నిధులు. వినడానికి ఎంత హాయి! వందల ఏళ్ళ నారేపలు, ఏగులు, మద్ది, వాటి కింద గడ్డి, గడ్డిలో దుప్పి, దుప్పి వెనక పులి. ఇదంతా తీసేసి, ఎక్కడో దిక్కులేని గుట్ట మీద మొక్కలు నాటి, మంత్రిగారితో చెంబెడు నీళ్ళు పోయించి ఫొటో తీస్తే అడవి తిరిగొచ్చినట్టే. ఆ ఒక్క చెంబే ఆ మొక్క జీవితంలో తాగిన ఆఖరి నీళ్ళని పత్రికల్లో రాదు. వాగు ఎండబెట్టి మొక్క నాటడం ఏ శాస్త్రం? ముందు నీళ్ళు లాగేసి, తర్వాత ఆవాసం పునరుద్ధరిస్తారట. ఆస్పత్రిలో రక్తమంతా తీసేసి, ‘పౌష్టికాహారం తినండి’ అన్నట్టుంది.

కొండ కింద భూముల సంగతి. కనిగిరి, పామూరు వైపు తయారీ జోన్ వస్తుందన్నారు. దొనకొండ పారిశ్రామిక కేంద్రం అవుతుందన్నారు. రాష్ట్రం విడిపోయాక కొన్నాళ్ళు రాజధానే దొనకొండకు వస్తుందన్నారు! బ్రిటిష్ కాలం నాటి విమానాల మైదానంలో ఇంకా మేకలే మేస్తున్నాయి. ఆ మేకలకు మన హామీల మీద ఉన్న అవగాహన మనకు లేదు. 2025 ఏప్రిల్‌లో పీసీపల్లి మండలం దివాకరపల్లి దగ్గర రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు పునాది వేశారు. రాష్ట్రమంతా కలిపి 500 ప్లాంట్లు, 65 వేల కోట్ల పెట్టుబడి అన్నారు. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తారట. ఉపాధి వస్తే ఎవరికి చేదు? రావాలి. కానీ నేపియర్ గడ్డి గాలి పీల్చి బతుకుతుందా? తడి పెడితేనే కోతకొచ్చే గడ్డి అది. కంది, సజ్జకు దొరకని తడి గడ్డికి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ‘బంజరు’ అని ఎవరు పేరు పెట్టారు? గొర్రెల కాపరిని అడిగారా? ఆ పొదల్లో గుడ్లు పెట్టే కంజు పిట్టను అడిగారా? ప్రభుత్వానికి పనికి రానిదల్లా బంజరే అయితే, అసలు బంజరు ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపిస్తాను.

ఈ ‘బంజరు’ నాటకం కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలను గుర్తు తెచ్చుకోండి. ఏడాది పొడుగునా నీళ్ళుండే చిత్తడి నేల. వేల మందికి పంట, చేప, జంబు గడ్డి. దాన్ని పనికిరాని భూమి అని చూపించి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసులు కాల్చారు. ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. పొద్దున్నే తీర్పు వచ్చి ఉంటే? ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పరు.

ఇప్పుడు ఫ్యాషన్ మారింది. పొగ గొట్టాలు పోయి డేటా సెంటర్లొచ్చాయి. పొగ రాదు, మసి అంటదు, నీళ్ళు మాత్రం తాగుతాయి. 2025 అక్టోబర్‌లో విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో వస్తున్నట్టు ప్రకటించారు. ఆ కంపెనీ ప్రపంచం మొత్తమ్మీద 2022లో ఖర్చు చేసిన నీరు 560 కోట్ల గాలన్లని తనే చెప్పుకుంది. మన భాషలో ముప్పావు టీఎంసీ. దానికే అమెరికా ఊళ్ళలో జనం గగ్గోలు పెట్టారు. కనీసం వాళ్ళు ఎంత తాగారో చెప్పారు. ఇక్కడ 20 టీఎంసీలు ఎవరు తాగుతారో అడిగితే, అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు. విశాఖ పక్కనే కంబాలకొండ అభయారణ్యం ఉందని గుర్తు చేసినవాడు ఇంకా పెద్ద నిరోధకుడు.

కట్టడం తెలియని జాతా మనది? కంభం చెరువు చూడండి. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట. వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. పూడిక తీయమని అడిగితే నిధుల్లేవు. వేల కోట్ల కొత్త కలకు మాత్రం కన్సల్టెంటు దొరుకుతాడు. పూడికలో కమీషను ఎంతుంటుంది పాపం!

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. బాల త్రిపురసుందరి గుడి దగ్గర కదంబ చెట్లున్నాయని భక్తులు గొప్పగా చెప్పుకుంటారు. చెట్టును దేవతగా మొక్కిన చోటు ఇది. సాగర్ కాలువ నీళ్ళు ఈ మండలంలోని దూపాడు చెరువుకు చేరి, అక్కణ్ణుంచి మార్కాపురం గొంతు తడుపుతున్నాయి. కాలువ ఆగిన రోజున పట్టణం ఎలా ఉంటుందో అక్కడి ఆడవాళ్ళను అడగండి. గుక్కెడు నీళ్ళ విలువ తెలిసిన నేల. ఇలాంటి చోట నిలబడి ‘పరిశ్రమలకు 20 టీఎంసీలు’ అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి? లేక ఎంత నిర్లక్ష్యం?

రేపో మాపో ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేస్తారు. కలెక్టరుగారో ఆయన పంపిన అధికారో కూర్చుంటారు. కొత్త కుర్చీలు ఉంటాయి. వాటర్ ప్యాకెట్లు ఉంటాయి. ఆ రోజు మాత్రం నీళ్ళకు కొరత ఉండదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని మినిట్స్‌లో రాయించండి. ‘మీ పొలానికి నీళ్ళు వద్దా?’ అని మీ మీదికే ప్రశ్న విసురుతారు. తడబడకండి. మా పొలానికి కావాలి, మా బిందెకు కావాలి, మా అడవిలో వాగుకూ కావాలి అని చెప్పండి. వెలిగొండ నీళ్ళు ముందు పొలానికి చేరాక, మునిగిన ఊళ్ళకు పైసలు ముట్టాక, ఆ మిగతా కథ చెప్పమనండి. ఆ 20 టీఎంసీలు ఏ కంపెనీకి, ఏ ఊళ్ళో, లీటరు ఏ ధరకు, ఎన్నేళ్ళకు అని అడగండి. పేర్లు రాసిన కాగితం చేతికి వచ్చేదాకా ఆ రిజిస్టరులో సంతకం పెట్టకండి.